మెయిన్ కంటే ముందు ఏం నడుస్తోంది?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మాల్వేర్ అనలిస్ట్ ఇంటర్వ్యూలో ఒక లైనక్స్ ఫైల్ ఇచ్చి, ‘ఇందులో మెయిన్ కంటే ముందు ఏదైనా నడుస్తోందా, చూసి చెప్పు’ అన్నారు. చేతులెత్తేశాను. ఎనభై వేలు కట్టి ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరమంటారా?

జవాబు: డబ్బు కట్టే ముందు ఒక వారం ఆగండి. వాళ్లు అడిగింది నేర్చుకోవడానికి లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్, జీసీసీ (సీ కంపైలర్), బైన్‌యుటిల్స్ (రీడెల్ఫ్, ఆబ్జ్‌డంప్ లాంటి ఫైల్‌ని విప్పి చూపే టూల్స్) చాలు. అన్నీ ఉచితమే.

ప్రోగ్రామ్ మెయిన్‌తో మొదలవుతుందని క్లాసులో చెబుతారు కానీ, ఈఎల్‌ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రామ్ ఫైళ్ల ఫార్మాట్) ఫైల్ హెడర్‌లో ఉండే ఎంట్రీ పాయింట్, అంటే నడక మొదలయ్యే అడ్రస్, మామూలుగా ‘స్టార్ట్’ అనే చిన్న కోడ్‌ది. అది సీ లైబ్రరీని పిలుస్తుంది. సీ లైబ్రరీ ‘ఇనిట్ అర్రే’ పట్టికలోని ఫంక్షన్లను వరసగా నడిపించాకే మెయిన్ దగ్గరికి వస్తుంది. షేర్డ్ లైబ్రరీల పట్టికలనైతే డైనమిక్ లోడర్ (లైబ్రరీలను మెమరీలోకి తెచ్చి ప్రోగ్రామ్‌కి కలిపే కోడ్) అంతకంటే ముందే, స్టార్ట్ కూడా మొదలవకుండానే నడిపేస్తుంది.

ఇది కళ్లారా చూడండి. పది లైన్ల సీ ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేసి, రీడెల్ఫ్‌కి చిన్న ‘డి’ ఆప్షన్ ఇవ్వండి. 64 బిట్ మెషీన్‌లో ఇనిట్ అర్రే సైజు సాధారణంగా 8 బైట్లు అని వస్తుంది. అంటే ఒక్క అడ్రస్. అది జీసీసీ తనంతట తాను పెట్టే ‘ఫ్రేమ్ డమ్మీ’, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు ఒక ఫంక్షన్‌కి కన్‌స్ట్రక్టర్ ఆట్రిబ్యూట్ (మెయిన్ కంటే ముందు నడపమని కంపైలర్‌కి చెప్పే గుర్తు) తగిలించి మళ్లీ కంపైల్ చేస్తే సైజు 16 అవుతుంది. ఆ రెండో అడ్రస్ ఎవరిదో ఆబ్జ్‌డంప్‌లో డిస్‌అసెంబ్లీ తీసి చూడాలి. సీ ప్లస్ ప్లస్ ఫైళ్లలో గ్లోబల్ ఆబ్జెక్టుల వల్ల ఇలాంటివి బోలెడు ఉంటాయి, అంతమాత్రాన కంగారు పడొద్దు. అక్కడ ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టించేది), పీట్రేస్ (ఇంకో ప్రాసెస్‌ని అదుపు చేసేది), ఎంప్రొటెక్ట్ (మెమరీ అనుమతులు మార్చేది) లాంటి కాల్స్ కనిపిస్తే మాత్రం కూర్చుని చదవాలి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఇనిట్ అర్రే సెక్షన్‌లోని బైట్లు చూసి అదే అడ్రస్ అనుకుంటారు. ఇప్పటి పీఐఈ (మెమరీలో ఎక్కడైనా లోడ్ కాగల) ఫైళ్లలో, ఎక్స్86-64 మీద, సాధారణంగా లోడర్ ఆ బైట్లను లెక్కచేయదు, రీలొకేషన్ ఎంట్రీ (లోడ్ చేసేటప్పుడు ఎక్కడ ఏ అడ్రస్ రాయాలో చెప్పే నమోదు)లోని విలువను తెచ్చి వాటి మీద రాసేస్తుంది. కాబట్టి సెక్షన్‌లో ఒక అడ్రస్ చూపించి, నడిపేది ఇంకొకటి పెట్టడం సాధ్యమే. రీడెల్ఫ్‌కి చిన్న ‘ఆర్’ ఇచ్చి రెండూ సరిపోల్చండి. సెక్షన్ హెడర్లనే పూర్తిగా తీసేసిన ఫైళ్లూ వస్తాయి. లోడర్‌కి వాటితో పని లేదు, డైనమిక్ పట్టిక ఉంటే చాలు. ‘డి’తో మొదలుపెట్టమన్నది అందుకే.

ఇనిట్ అర్రే శుభ్రంగా ఉంటే ఫైల్ మంచిదేనా? కాదు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జడ్ (ఫైళ్లను కుదించే టూల్) బ్యాక్‌డోర్ (5.6.0, 5.6.1 వెర్షన్లు) ఐఫంక్ రిజాల్వర్‌ని, అంటే ఒక ఫంక్షన్‌కి ఏ రూపం వాడాలో ఎంచే కోడ్‌ని, వాడుకుంది. రీలొకేషన్లు సర్దే దశలోనే నడిచే కోడ్ అది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే దొరికింది. విండోస్‌లో దీనికి దగ్గరి చుట్టం టీఎల్‌ఎస్ (థ్రెడ్ లోకల్ స్టోరేజ్) కాల్‌బ్యాక్. డీబగ్గర్‌ని ఎంట్రీ పాయింట్ దగ్గర ఆపేసరికి దాని పని అయిపోయి ఉంటుంది.

ఇక కోర్సు. సిలబస్ తెప్పించి చూడండి. అసెంబ్లీ, ఫైల్ ఫార్మాట్లు లేకుండా టూల్స్ పేర్లే ఉంటే, ఈ ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ పనికిరాదు. అమెరికా ఎన్‌ఎస్‌ఏ 2019లో ఉచితంగా విడుదల చేసిన ఘిద్రా అనే రివర్స్ ఇంజనీరింగ్ టూల్ పెట్టుకుని, మీరే కంపైల్ చేసిన మూడు ఫైళ్లను విశ్లేషించి, ఒక్కోదానికి రెండు పేజీల రిపోర్టు రాసి రెజ్యూమెకి జోడించండి. నిజమైన మాల్వేర్‌ని ముట్టుకునే రోజు వస్తే వర్చువల్ మెషీన్‌లోనే, అదీ నెట్‌వర్క్ తీసేసి.

ఈసారి ఇంటర్వ్యూలో ఫైల్ ఇవ్వగానే రన్ చేయకండి. ఏ లైబ్రరీలు కావాలో చూడ్డానికి ఎల్‌డీడీ కూడా కొట్టకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైల్‌నే నడిపించేస్తుంది. ఆ లిస్టు కూడా రీడెల్ఫ్ ‘డి’లోనే, ‘నీడెడ్’ అన్న వరసల్లో ఉంటుంది.