నూకల జావ పెడితే ఫ్యాట్ ఎందుకు పడింది?

ప్రశ్న: సార్, మాది తణుకు దగ్గర పల్లెటూరు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు, ఈని రెండు నెలలయింది, పూటకి 7 లీటర్లిస్తుంది. నూకలు చవగ్గా దొరుకుతున్నాయని పూటకి రెండు కేజీలు ఉడికించి జావలా పోస్తున్నాం. మొదటి వారం లీటరు పాలు పెరిగాయి కూడా. ఇప్పుడేమో పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) 4.1 నుంచి 2.9కి పడిపోయింది, పేడ పలచగా పుల్లటి వాసనొస్తోంది. సూపర్ నేపియర్ గడ్డి మెత్తగా కొట్టి పెడుతున్నాం, వరిగడ్డి మానేశాం. మొక్కజొన్న సైలేజీ (పాతరేసి పులియబెట్టిన మేత) కొంటే ఫ్యాట్ వస్తుందా?

జవాబు: అమ్మా, సైలేజీ సంగతి తర్వాత, ముందు ఆ జావ ఆపండి. అంటే రేపే మొత్తం ఆపేయకండి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి.

నూకల్లో ముప్పావు వంతు పిండిపదార్థమే. పచ్చి నూకలే కడుపులో త్వరగా పులుస్తాయి, ఉడికిస్తే ఇంకా తొందరగా, గంటల్లోనే ఆమ్లం తయారైపోతుంది. మొక్కజొన్న రవ్వ, జొన్నలు కాస్త నిదానం. పాల లీటర్లు పెరగడానికి పిండి పనికొస్తుంది నిజమే, కానీ వెన్న తయారయ్యేది ఎక్కువగా గడ్డిలోని పీచు పులిస్తే వచ్చే ఆమ్లంతో, ఆ పీచుని అరిగించే సూక్ష్మజీవులకి పులుపు పడదు. అందుకే మీకు లీటర్లు పెరిగి ఫ్యాట్ పడింది. మా అమ్మ ఒకసారి పెళ్లిలో మిగిలిన అన్నం గంపెడు తెచ్చి ఆవుకి పెట్టింది, తెల్లారేసరికి ఆవు లేవలేదు, డాక్టర్ని పిలవాల్సి వచ్చింది. మీది అంత ముదరలేదు లెండి, ఆ దారిలోనే ఉంది.

రెండో తప్పు వరిగడ్డి మానేయడం. దానిలో మాంసకృత్తులు బాగా తక్కువ, బలమూ తక్కువే, ఒప్పుకుంటా, కానీ నమిలించే పని దానిదే. ఆవు నమిలితేనే లాలాజలం ఊరుతుంది, రోజుకి వంద లీటర్ల పైమాటే, ఆ లాలాజలమే పొట్టలో పులుపుని కట్టేస్తుంది. మీ నేపియర్ పొడిలా కొట్టేస్తే నమలడానికేం మిగిలింది? చాఫ్ కట్టర్ (గడ్డి కత్తిరించే మిషన్) బ్లేడు సరిచేసి అంగుళం ముక్కలు రానివ్వండి. మధ్యాహ్నం ఆవు పడుకున్నప్పుడు వెళ్లి చూడండి, ముద్ద పైకి వచ్చాక ఎన్నిసార్లు నమిలి మింగుతుందో లెక్కపెట్టండి, 50, 60 సార్లు నమిలితే బాగున్నట్టు, 30కే మింగేస్తుంటే పీచు చాలట్లేదు.

రోజుకి లెక్క ఇలా పెట్టుకోండి: వరిగడ్డి మూడు నాలుగు కేజీలు, నేపియర్ 25 కేజీలు, వీలైతే అందులో అయిదు కేజీలు పప్పుజాతి మేత, అంటే దశరథ గడ్డి గానీ పిల్లిపెసర గానీ కలపండి. నూకలు ఉడికించకుండా రవ్వ చేసి దాణాలో కలిపి రోజుకి కేజీ మించనివ్వకండి, బదులుగా మొక్కజొన్న రవ్వ, పత్తి చెక్క. దాణా మూడు పూటలుగా ఇవ్వండి, ముందు గడ్డి తిన్నాకే. పదిహేను రోజులు రోజుకి 100 గ్రాముల వంటసోడా దాణాలో కలిపితే తేరుకుంటుంది. నూనె తీయని తవుడు ఎక్కువ పెడుతుంటే అదీ తగ్గించండి, దానిలోని నూనె కూడా ఫ్యాట్‌ని దెబ్బతీస్తుంది.

ఇక సైలేజీ. దాన్ని అందరూ పచ్చిగడ్డి లెక్కలో వేసేస్తారు, పొరపాటంతా అక్కడే. గింజతో సహా కోసిన మొక్కజొన్న సైలేజీలో నీళ్లు తీసేస్తే పావు వంతు దాకా పిండే ఉంటుంది, అంటే 20 కేజీలు పెడితే కేజీన్నర పైన పిండి దానితోనే వెళ్తుంది. కొంటే కొనండి, కానీ రవ్వ, నూకలు ఆ మేరకు తగ్గించండి, వరిగడ్డి మాత్రం తీయకండి. బస్తా విప్పాక గుప్పెడు తీసి గట్టిగా పిసికి చూడండి, నీళ్లు కారితే వద్దు, గింజలు చితికి ఉంటేనే తీసుకోండి. చితకకపోతే అవి పేడలో అలాగే పచ్చగా కనిపిస్తాయి, మీరు డబ్బు పెట్టి కొన్నది పెంటకుప్పలోకే పోతుంది.

ఫ్యాట్ మళ్లీ లేవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఆవు మేత పూర్తిగా మానేసినా, నెమరు ఆగినా వెంటనే పశువుల డాక్టర్ని పిలవండి.