నేను గే అని పూజకు దూరం జరగాల్నా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 28 ఏండ్లు, మాది కాజీపేట, కాథలిక్ కుటుంబం, బాపు రైల్వేల చేసి రిటైర్ అయిండు. నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్త, శనివారం శనివారం ఇంటికొస్త. చిన్నప్పుడు బలిపీఠం కాడ సేవ చేసిన, ఇప్పుడు కొయర్‌ల పాడుత. నేను గే అని నాకు పదో తరగతిలనే తెలుసు. రెండేండ్ల కింద వేరే ఊర్ల ఒక రిట్రీట్‌కు పోతే, ప్రసంగం చెప్పినాయన ఇది దయ్యం పని, ఉపవాసముంటే పోతదన్నడు. 40 రోజులున్న, 9 కేజీలు తగ్గిన, ఏం మారలే. అప్పటిసంది సత్ప్రసాదం (పూజల ఇచ్చే అప్పం) తీసుకుంటలేను, అందరు లైన్ల నిలవడితే నేను పాటల పుస్తకాలు సదురుకుంట కూసుంట. అమ్మ చూస్తనే ఉన్నది గని అడుగుతలేదు. ఇప్పుడు జనగామ దిక్కు సంబంధం చూసిన్రు, పిల్ల టీచర్. పెండ్లయితే అన్ని సెట్ అయితయని నా ఫ్రెండ్ అంటడు. పాప సంకీర్తనల (చేసిన పాపాలు ఫాదర్ ముందట ఒప్పుకునే కాడ) ఒక ఫాదర్‌కు చెప్పిన, ఇప్పుడు ఆయన బాపుకు చెప్తడేమో అని నిద్ర వడ్తలేదు. క్రిస్మస్ రాత్రి పూజకు కీర్తన నన్నే పాడుమంటున్నరు. నేను పాడొచ్చా?

జవాబు: తమ్మీ, ముందుగాల నీ నిద్ర సంగతి. పాప సంకీర్తనల విన్న మాట ఫాదర్ ఎవ్వరికి చెప్పొద్దు, మీ బాపుకు గాదు, బిషప్‌కు గూడ చెప్పరాదు. శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టం 983ల ఇది రాసి ఉన్నది, తెలిసి బయటపెట్టిన గురువుకు వెలి అనే శిక్ష దానంతట అదే పడ్తది. ఆ భయం ఇయ్యాలటితోని తీసెయ్యి.

ఇగ సత్ప్రసాదం. అది తీసుకోనియ్యకుంట ఆపేది చావైన పాపం (అన్నిట్ల పెద్ద పాపం), అట్ల అనాలంటే మూడు ఉండాలని మనం సత్యోపదేశంల (చర్చి బోధ పుస్తకంల) చదువుకున్నం గదా, విషయం పెద్దదై ఉండాలె, తెలిసి చెయ్యాలె, మనస్ఫూర్తిగ ఒప్పుకొని చెయ్యాలె. నువ్వు గే అయినవంటే దాంట్ల నువ్వు చేసిందేముంది, ఒప్పుకున్నదేముంది? అది పాపం కాదు, సంకీర్తనల చెప్పుకునేది గూడ కాదు. నేను 15 ఏండ్లు ఆదివారం పిల్లలకు సత్యోపదేశం చెప్పిన తమ్మీ, స్వలింగ సంపర్కం తప్పు అని ఆ పుస్తకం 2357 నంబర్ పేరాల ఉన్నది చదివి వినిపిచ్చిన, దాని కిందనే 2358ల ఇసొంటోళ్లను గౌరవంతోని, దయతోని, నొప్పియ్యకుంట దగ్గెర తీసుకోవాలె, అన్యాయంగ వివక్ష చూపెట్టొద్దు అని ఉన్నది, అది మాత్రం ఒక్క ఏడు గూడ చదివి వినిపియ్యలే. ఆ బెంచీల మీద నీ అసొంటి పిల్లగాడు ఎవరన్న కూసున్నడేమో, నేను సగమే చెప్పి పంపిచ్చిన. ఇది నన్ను ఇప్పటికీ కోస్తది.

నీకు తియ్యటి మాటలు చెప్పి మోసం చెయ్య. మగోళ్లిద్దరు కల్సి కాపురం చేసుడును శ్రీసభ ఒప్పుకోదు, 2359 శుద్ధంగ బతుకుమంటది. పోప్ ఫ్రాన్సిస్ 2013ల, దేవుణ్ణి వెతుక్కునేటోని మీద తీర్పు చెప్పనీకి నేనెవర్ని అన్నడు, 2023 జనవరిల గే అయ్యుడు నేరం కాదన్నడు, ఆ డిసెంబర్‌ల ఇసొంటి జంటలను గూడ గురువులు ఆశీర్వదించొచ్చని రోమ్ నుంచి పత్రం వచ్చింది, అయినా పెండ్లి గురించిన బోధ మారలే, అది పెండ్లి ఆశీర్వాదం కాదని ఆ పత్రంలనే ఉన్నది. మన దేశంల గూడ 2013 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు స్వలింగ సంపర్కం నేరమనే 377 సెక్షన్‌ను మళ్ల తెచ్చినప్పుడు, వీళ్లను మేం నేరస్తులని ఎన్నడు అనుకోలేదని ముంబై కార్డినల్ గ్రేసియస్ పబ్లిక్‌గనే చెప్పిండు. ఇష్టంతోని కలిసే పెద్దోళ్లకు ఆ సెక్షన్ వర్తించదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. కొందరు బ్రహ్మచర్యంల ఉండి దేవుణ్ణి కొలుస్తరు, కొందరు తోడు వెతుక్కొని గూడ ఆదివారం పూజ తప్పరు, బోధ మారాలని ఎదురుచూసేటోళ్లు ఉన్నరు, నేను గూడ అందులనే ఉన్న. నీ దారి ఏందో నువ్వే తేల్చుకోవాలె, తొందరేం లేదు.

దయ్యం అన్నాయన మాట పక్కకు పెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లనే దీన్ని జబ్బుల లిస్టుల నుంచి తీసేసింది, మారుస్తమని ట్రీట్‌మెంట్ ఇచ్చుడు డాక్టర్లకు తప్పు పని అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022ల చెప్పింది. ప్రార్థన చెయ్యి, ఉపవాసం గూడ ఉండు, అది దేవుని మీద ప్రేమతోని ఉండాలె, నిన్ను నువ్వు చంపుకునేటందుకు కాదు.

పెండ్లి కాడ మాత్రం నేను గట్టిగనే చెప్త, చేసుకోకు. మీ ఫ్రెండ్ సెట్ అయితదని అన్నడు గని ఆ పిల్ల సంగతి ఆలోచించిండా? ఆమె గూడ ఒక ఇంట్ల ముద్దుగ పెరిగిన పిల్ల, ఏ రాత్రికారాత్రి నాల ఏం తక్కువున్నదని ఏడ్సుకుంట పండుకుంటది, ఏడాదికి పిల్లలేరని అత్తగారోళ్లు ఆమెనే అంటరు, నీ నోరు లేవదు. శ్రీసభ గూడ దీన్ని మంచి పని అనదు తమ్మీ, చట్టం 1098 ప్రకారం కాపురాన్నే దెబ్బతీసే సంగతి ఒకటి కావాలని దాచిపెట్టి ఒప్పిచ్చుకున్న పెండ్లి చెల్లదు. బలిపీఠం ముందట నిలబడి అబద్ధం ఆడుమని నిన్ను ఏ దేవుడు అడుగుతలేడు. ఈ వారమే సంబంధం ఆపు. కారణం మొత్తం చెప్పాల్సిన పని లేదు, "నాకు ఇప్పుడు పెండ్లి వద్దు, ఆ పిల్లకు ఆశ పెట్టకుండ్రి" అంటే చాలు, అరుస్తరు, అరువనియ్యి.

అమ్మకు ఇప్పుడే చెప్పాల్నా? చూస్తనే ఉన్నది, అడుగుతలేదు అన్నవు గదా, నాకైతే ఆమెకు సగం తెల్సనిపిస్తుంది. అయినా చెప్పే ముందట బాపు కోపానికొస్తే రెండు రోజులు ఎక్కడుంటవు, చేతిల పైసలు ఎంత అని చూసుకో, నీకు జాబున్నది, హైదరాబాద్‌ల రూమ్ ఉన్నది, అది పెద్ద ధైర్యం. మనసు మరీ చీకటైతే 14416కు ఫోన్ చెయ్యి, అది టెలిమానస్, సర్కారుదే, పైసలు తీసుకోరు, తెలుగుల మాట్లాడ్తరు.

ఇగ క్రిస్మస్ సంగతి. పండుగకు ముందుగాల హైదరాబాద్‌లనే, నిన్ను ఎరుగని ఒక ఫాదర్ దగ్గెర సంకీర్తన చేస్కో, నువ్వు నిజంగ చేసిన తప్పులు, అబద్ధాలు, కోపాలు చెప్పుకో, గే అయ్యుడు కాదు. ఆ రాత్రి కీర్తన పాడు. పాడినంక పుస్తకాలు పక్కోనికిచ్చి, అందరితోని లైన్ల నిలవడు. మీ అమ్మ ఎన్నో బెంచీల కూసుంటదో నాకు తెల్వది గని, ఆమె సూపు నీ మీదనే ఉంటది.