తవుడు ఊరగాయ, నా నాలుగు నిమిషాల స్పీచ్

సింధూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చెన్నైలో జపనీస్ స్పీచ్ కాంటెస్ట్‌కి పేరిచ్చావట. అన్నీ కుదిరితే వచ్చే ఏప్రిల్లో ఉద్యోగానికి జపాన్‌కే వెళ్తావట. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నకి ఆ మాట రెండుసార్లు చెప్పాను. "ఇందాకే చెప్పావుగా" అన్నారు. అంత సంతోషం నాకు. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వ్యాకరణం గురించి నీకు చెప్పక్కర్లేదు. క్రియ చివర్న రావడం, 'కి', 'లో', 'నుంచి' లాంటివి పేరు వెనకాల చేరడం మనకి పుట్టుకతో వచ్చినవే. పలకడంలో కూడా మనకి కొంత సుళువు. చాప, చుక్క అన్నప్పుడు నాలుక పళ్ళకి తగిలి వచ్చే 'చ' ఉంది చూడు, వాళ్ళ 'త్సు'లో ఉన్నది అదే. అటు, అట్టు మధ్య తేడా తెలిసిన చెవికి 'కితే', 'కిత్తే' తేడా కూడా తెలుస్తుంది. మొదటిది రమ్మనడం, రెండోది పోస్టల్ స్టాంపు. 'ఒబసన్' అంటే పిన్ని, 'ఒబాసన్' అంటే మామ్మ, దీర్ఘం మింగేయకు. రోజూ గట్టిగా చదివి, ఫోన్లో రికార్డు చేసుకుని విను. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. అందులో మధ్య స్థాయి, ఎన్3 పాసైనా కొట్టులో నోరు తెరవలేని వాళ్ళని చూశాను. నువ్వు స్టేజి ఎక్కుతానన్నందుకు నిజంగా గర్వంగా ఉంది.

కానీ నీ టాపిక్ 'భారత్-జపాన్ సంబంధాల భవిష్యత్తు' అని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

1996లో మేం జపాన్‌లోని నగోయా వెళ్ళాం. శనివారాలు మా పేట కమ్యూనిటీ హాల్లో జపనీస్ క్లాసు ఉండేది. రిటైరైన వాళ్ళు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు డబ్బు తీసుకోకుండా నేర్పేవారు. పుస్తకం తక్కువ, పని ఎక్కువ. జులై 7న తనబత పండక్కి రంగు కాగితాల మీద కోరికలు రాసి వెదురుకొమ్మకి కట్టించేవారు. అన్నం ముద్దలు చేయించేవారు. చేస్తున్నంతసేపూ మాటలే. అయినా నాకు అసలు భాష వచ్చింది పక్కింటి మామ్మగారి దగ్గర. ఆవిడ నాకు నుకజుకె నేర్పారు. బియ్యపు తవుడు, ఉప్పు, నీళ్ళు కలిపి, అందులో దోసకాయ, వంకాయ, ముల్లంగి కప్పెట్టాలి. రోజూ చెయ్యి పెట్టి అడుగు నుంచి కలపాలి, లేకపోతే చెడిపోతుంది. రోజూ సాయంత్రం గోడ అవతల నుంచి "కలిపావా?" అని అడిగేవారు.

1998లో విదేశీయులకి స్పీచ్ కాంటెస్ట్ పెట్టారు. నేను మొదట రాసుకున్నది ఇది: "మా అమ్మ ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టనివ్వదు. మా పక్కింటి మామ్మగారు రోజూ చెయ్యి పెట్టమంటారు." అలా ఒక పేజీ ఉండేది. చదువుకుంటే చిన్నపిల్ల మాటల్లా అనిపించి సిగ్గేసింది. పక్కన పడేసి, పేపర్లోంచి పెద్దపెద్ద మాటలు ఏరి, అంతర్జాతీయ అవగాహన మీద నాలుగు నిమిషాల స్పీచ్ రాసి నెల్లాళ్ళు బట్టీ పట్టాను.

రెండో నిమిషంలో ఆగిపోయాను. తర్వాతి మాట ఎంత వెతికినా దొరకలేదు, అది నా మాట అయితేగా! ఎలాగో చివరి వాక్యం చెప్పి ముగించాను. అప్పుడొక జడ్జి, పాపం నన్ను నిలబెట్టాలనే, నెమ్మదిగా అడిగింది: "ఇక్కడికి వచ్చాక ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు?" జవాబు నాకు తెలుసు. కానీ బుర్రంతా బట్టీ పట్టిన ముక్కలే ఉన్నాయి. అందులో ఒక పేరా అప్పజెప్పేశాను.

మామ్మగారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. నాకోసం కిమోనో కట్టుకుని వచ్చారు. బయటికి వచ్చాక "ఒత్సుకరెసమ" అని మాత్రం అన్నారు, బాగా అలసిపోయావు అన్నట్టుగా. మరుసటి మార్చిలో మేం వచ్చేశాం. ఆ మొదటి పేజీ గురించి ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆవిడ లేరు.

అందుకని సింధూ, టాపిక్ మార్చు. గడువు దాటిపోయి ఉంటే ఆ టాపిక్‌లోనే నీకు తెలిసిన మనిషినొకర్ని తీసుకురా. డిక్షనరీ చూస్తే గానీ అర్థం కాని మాట నీ స్పీచ్‌లో ఒక్కటి కూడా వద్దు. అడిగే ప్రశ్నలకి బట్టీ పట్టడం కుదరదు, స్నేహితులతో రోజూ ఏదో ఒకటి అడిగించుకుని జవాబు చెప్పు.

ఇంకోటి. ఇది కాంటెస్ట్ గురించి కాదు. అక్కడ దేనికైనా 'దైజోబు', పర్లేదు, అనేయడం ఇట్టే అలవాటైపోతుంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా అదే అంటాం, నేనూ అన్నాను. ఒంట్లో బాగా లేకపోతే ఆ మాట అనకు. పోటు పెడుతుంటే 'జుకిజుకి', గుచ్చుతుంటే 'చికుచికు', కడుపులో మెలిపెడుతుంటే 'కిరికిరి' అంటారు. డాక్టర్లు అలాగే అడుగుతారు. సకురా పూల మీద మాటలకన్నా ముందు ఇవి నేర్చుకో, నా మాట విను.

ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో 'హై, హై' అంటారు కదా, దాన్ని 'అయిజుచి' అంటారు. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మరులు ఒకరి తర్వాత ఒకరు సుత్తి వేయడంలోంచి వచ్చిన మాట అది. అందుకే వాళ్ళు కూడా దాన్ని 'కొట్టడం' అనే అంటారు, మనం ఊ కొట్టినట్టే.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. నీ నాలుగు నిమిషాలూ చెప్పు, ఎంత తడబడినా ఆపకు. నేను ఊ కొడుతూ వింటాను.

మీ పెద్దమ్మ