రోటర్లు పోయాయన్నారా? ఎన్ని మిల్లీమీటర్లున్నాయో అడగండి

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది కొనేది పాత క్యామ్రీయో సివిక్కో. మొదటిసారి ఆయిల్ మార్పించడానికి వెళ్తే, నాలుగు బ్రేక్ రోటర్లూ మార్చాలని ఓ ఎస్టిమేట్ చేతిలో పెడతారు. మన దగ్గర బ్రేక్ డిస్కు అనేదే ఇక్కడ రోటర్: చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, దాన్ని రెండువైపులా ప్యాడ్లు నొక్కితే బండి ఆగుతుంది. ఆ ఎస్టిమేట్ మోసమని కాదు. కానీ అందులో మందం ఎంతో రాయకపోతే అది ఒకరి అభిప్రాయం, అంతే. ఇప్పుడెంత ఉంది, కనీసం ఎంత ఉండాలి? ఈ రెండూ అడగండి. నిజంగా కొలిచినవాడు తడుముకోడు.

కనీస మందం రోటర్ మధ్యలో టోపీలా లేచిన చోటో, అంచు మీదో ‘మిన్ టీహెచ్’ అని అచ్చుపోసి ఉంటుంది. ఉదాహరణకి 2012–2017 క్యామ్రీ ముందు రోటర్ కొత్తలో 28 మి.మీ., కనీసం 25. వెనకది 10, కనీసం 8.5. అంటే వెనక అరగడానికి ఉన్నది ఒకటిన్నర మిల్లీమీటరే. అంతకంటే పలచబడితే వేడిని తట్టుకోలేదు, పగుళ్ళొస్తాయి. ముందుది 25.3 దగ్గరుండి ప్యాడ్లు ఎలాగూ మారుస్తుంటే రోటర్లూ మార్చేయండి. కొత్త ప్యాడ్లు అరిగేలోపే అది గీత దాటుతుంది, మళ్ళీ లేబర్ దండగ. 27 ఉండి, పైన నున్నగా ఉంటే ప్యాడ్లు చాలు.

మీరే కొలుస్తానంటే మైక్రోమీటర్ (స్క్రూ గేజ్) వాడండి. అంచుకి ఒక సెంటీమీటరు లోపల, చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువొచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ప్యాడ్ తగలని అంచున గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దానిమీద ఆగి ఎక్కువ చూపిస్తుంది. వెర్నియరే ఉంటే రెండు పెన్నీలు కలిపి ముందు కొలుచుకోండి. వాటిని రోటర్‌కి చెరోవైపు, గట్టు తగలకుండా పెట్టి కొలిచి, నాణేల మందం తీసేయండి. కారుని ఒక్క జాక్ మీదే నిలబెట్టి చక్రం ఊడదీయొద్దు, స్టాండ్లు పెట్టాలి.

మందం సరిపోయినా కొన్నిసార్లు మార్చక తప్పదు. అంచుదాకా పాకిన పగులు, ప్యాడ్ తిరిగే దారిలో పొరలుగా లేచిన తుప్పు, గోరు పట్టుకునేంత లోతు గాడులు అలాంటివి. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు వెనక రోటర్లను, అందులోనూ కనిపించని లోపలి ముఖాన్ని, ఎక్కువగా తింటుంది. హైబ్రిడ్లలో మోటారే బండిని చాలావరకు ఆపుతుంది కాబట్టి రోటర్ అరగకుండానే తుప్పుపడుతుంది. వాన పడ్డ మర్నాడు కనిపించే నారింజ రంగు పూత మాత్రం నాలుగు బ్రేకులకే పోతుంది. దానికి భయపడి డబ్బులు పెట్టొద్దు.

వణుకు సంగతి వేరు. హైవే మీద బ్రేకేస్తే స్టీరింగ్ ఊగితే ముందువాటిని, సీటు కింద తెలిస్తే వెనకవాటిని అనుమానించాలి. రోటర్ వంగిపోయిందంటారు గానీ, చాలాసార్లు ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకోవడమో, హబ్ (రోటర్, చక్రం బిగించే మధ్య భాగం) మీద తుప్పు వల్ల రోటర్ సరిగ్గా కూర్చోకపోవడమో కారణం. రోటర్ తిరిగేటప్పుడు అంచు అటూఇటూ ఊగడానికి టయోటా చాలా మోడళ్ళ ముందు చక్రాల్లో ఒప్పుకునేది 0.05 మి.మీ. మాత్రమే, ఒక తుప్పు రేకు చాలు దాన్ని దాటించడానికి. హబ్‌ని వైర్ బ్రష్‌తో గీకకుండా కొత్త రోటర్ బిగిస్తే కొన్ని వేల మైళ్ళకే వణుకు తిరిగొస్తుంది. మంచులో గట్టిగా తొక్కినప్పుడు పెడల్ టకటకలాడడం ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) పని, దానికీ రోటర్‌కీ సంబంధం లేదు.

ఒక చక్రానికి లోపలి ప్యాడ్ 3 మి.మీ., బయటది 8 ఉంటే అసలు దోషి రోటర్ కాదు, ప్యాడ్లను రోటర్‌కి నొక్కే కాలిపరే. చాలాసార్లు అది జరిగే స్లైడ్ పిన్ను పట్టేసి ఉంటుంది. పిన్ను శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు పెట్టకపోతే కొత్త రోటర్‌కీ అదే గతి. రోటర్ ముఖాన్ని చెక్కి చదును చేసే లేత్ పట్టించడం ఇక్కడా ఉంది, పట్టించాక కూడా కనీస మందం కంటే ఎక్కువ మిగిలేట్టయితేనే. కొత్తవాటి ధర చూస్తే చాలా కార్లకి అది గిట్టుబాటు కాదు.

మార్చేటప్పుడు ఒకే ఇరుసు మీది రెండూ మార్చాలి; నాలుగూ అక్కర్లేదు. కొత్త రోటర్ మీది నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. లగ్ నట్లు (చక్రం నట్లు) ఎంత బిగువో చూపే టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించాలి: క్యామ్రీకి 76 అడుగు-పౌండ్లు, సివిక్‌కి 80. ఇంపాక్ట్ గన్‌తో ఎడాపెడా బిగిస్తే ఊగుడు అక్కడే మొదలు. తర్వాత ప్యాడ్లు, రోటర్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ళ వేగం నుంచి 5కి పది సార్లు మెల్లగా తగ్గించండి, మధ్యలో అర నిమిషం చల్లారనివ్వండి. వేడిమీద పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపట్టొద్దు, మచ్చ పడేది అప్పుడే.

షాపుకే ఇస్తే, తీసిన పాత రోటర్లు కావాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి. కాలిఫోర్నియాలో అలా అడిగితే ఇవ్వాలన్నది చట్టం.