అల్లుణ్ణి డాక్టరుకి ఎదురుగా కూర్చోబెట్టు

అమ్మడూ,

అల్లుడికి కిడ్నీ మార్పిడి తప్పదన్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఎవరిస్తారు, యాడ చేయించాలి, ఎంతవుతుంది, అన్నీ మాట్లాడుకున్నారంట. అల్లుడేమన్నాడే అని అడిగితే, "అతనేం చెప్తాడక్కా, డీలా పడి ఉన్నాడు" అనింది. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నా.

మీ పెదనాన్న నాకు కిడ్నీ ఇచ్చినప్పుడు డాక్టరు మాట్లాడినంతసేపూ ఆయన మొహమే చూశాడు. కోత నా పొట్టకి, జన్మంతా మింగాల్సిన మాత్రలు నాకు, వివరాలేమో ఆయనకి! పాత కిడ్నీలు తియ్యరనీ, కొత్తదాన్ని కింద పొట్టలో ఒక పక్కన పెడతారనీ ఆపరేషన్ అయ్యాక చెయ్యి పెట్టి తడుముకుంటే గానీ నాకు తెలీలా.

ఈసారి ఒంగోలు నుంచి నెల్లూరొచ్చినప్పుడు అల్లుణ్ణి డాక్టరుకి ఎదురుగా కూర్చోబెట్టు. నువ్వు పక్కన కూర్చుని రాసుకో. చీమకుర్తి క్వారీ దుమ్ములోకి మళ్ళీ పోవచ్చా అన్నది అతని మనసులో ఉంటది, నీ లిస్టులో ఉండదు. అతను నోరు తెరిచే దాకా ఓపిక పట్టు, మధ్యలో అందుకోబాక.

మీ అత్తగారు ఇస్తానంటోందంట, సంతోషం. అయినా తల్లి గదా, ఇవ్వక ఏం చేస్తది అనుకోవద్దు. ఆమెని డాక్టరు ఒంటరిగా పిలిచి అడగాలి, వద్దనే హక్కు ఆమెకీ ఉంది. రక్తం గ్రూపు కలవకపోతే కంగారు పడబాకండి. మీలాగే గ్రూపు కుదరని ఇంకో కుటుంబంతో దాతల్ని మార్చుకోవడానికి అవయవ మార్పిడి కేంద్ర చట్టం 2011 సవరణలో ఒప్పుకుంది. గ్రూపు కలవకపోయినా ముందు రక్తంలో కొత్త కిడ్నీ మీద దాడి చేసే యాంటీబాడీలు తగ్గించి చేసే పద్ధతీ ఉంది, ఖర్చూ ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువ. బాబాయి కొడుకు ఇస్తానన్నాడంటే మాత్రం డబ్బు చేతులు మారలేదని చూసి అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందుకు పోవాల్సిందే. డబ్బుకి ఇప్పిస్తామనే బ్రోకరు ఎవడొచ్చినా గడప తొక్కనివ్వద్దు, అది జైలు నేరం. ఇంట్లో దాత ఉన్నా సరే, చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించే సంగతి కూడా డాక్టరుని అడగండి.

మీ తమ్ముడు వాట్సాప్‌లో పంది కిడ్నీ వీడియో పంపాడు. అబద్ధమేం కాదు. 2024 మార్చిలో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్ళు, జన్యువులు మార్చిన పంది కిడ్నీని 62 ఏళ్ళాయనకి పెట్టారు. రెండు నెలలకి ఆయన పోయాడు, మార్పిడి వల్లే పోయినట్టు ఆధారం లేదని ఆసుపత్రి చెప్పింది. చనిపోయినవాళ్ళ నుంచి తీసిన అవయవాన్ని ఐసుపెట్టెలో ఊరికే ఉంచకుండా యంత్రంలో ద్రవం పారిస్తూ కాపాడే పద్ధతీ వచ్చింది. కొత్త కిడ్నీ దెబ్బతింటోందా అని రక్తంలో దాత డీఎన్‌ఏని కొలిచి పసిగట్టే పరీక్ష కూడా ఉంది, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసే బయాప్సీ సూది కొంత తప్పుతుందని ఆశ. నాకైతే ఆ పరీక్ష మీదే మోజు. పంది కిడ్నీ కోసం మాత్రం ఈ ఏడు నిర్ణయం ఆపుకోబాకండి.

అసలు పని ఆపరేషన్ తర్వాత ఉంది. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర టాక్రోలిమస్, దాన్ని పన్నెండు గంటలకొకసారి, గడియారం చూసి వేసుకోవాలి. దాని మోతాదు చూసే రక్తపరీక్ష రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా పోవాలి. మాత్ర జేబులో పెట్టుకుని, రక్తం ఇచ్చాక అక్కడే మింగేది. ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం, పసరు మందులు, పంపర పనస, మూడూ బంద్. మన చేపల పులుసు మర్నాడే రుచి, నాకూ తెలుసు. రాత్రంతా పొయ్యి పక్కన వదిలేసిన గిన్నె మాత్రం అతని ముందు పెట్టబాక. ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున బాగా మరగనిచ్చి పెట్టు.

అప్పటిదాకా డయాలసిస్ నడుస్తుంది గదా, చూడొచ్చేవాళ్ళు కొబ్బరి బోండాలు తెస్తారు. మొహమాటపడకుండా మీరే తాగేయండి. అందులో పొటాషియం ఎక్కువ, అతని గుండెకే ముప్పు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, నర్సు విసుక్కున్నా సరే.

దాత కిడ్నీ అతని ఒంటికి పడుతుందో లేదో రక్తంలో చూసే క్రాస్‌మ్యాచ్ రిపోర్టు రాగానే ఫోన్ చెయ్. ముందు అల్లుడికివ్వు, తర్వాత నీతో మాట్లాడతా.

మీ పెద్దమ్మ