రమ్మీ ఆడేవాళ్లు రిటైరయ్యాక బ్రిడ్జి నేర్చుకోవచ్చా? ఇంట్లో ఆటకీ పోటీకీ తేడా ఏమిటి?

తప్పకుండా నేర్చుకోవచ్చండి. ఏళ్ల తరబడి రమ్మీ ఆడానన్నారు కాబట్టి పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం మీకు ఎలాగూ అలవాటే. 1960లలో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, రమ్మీ నైపుణ్యం కావలసిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో ఉండే అదృష్టాన్ని బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉండే అదృష్టంతోనే పోల్చింది కూడా. ఇక వయసంటారా, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి పురుషుల జోడీ స్వర్ణం మనకు తెచ్చినవాళ్లలో ప్రణబ్ బర్ధన్‌కి అప్పటికి 60, శిబ్‌నాథ్ సర్కార్‌కి 56.

మీకు కొత్తగా అనిపించేది జోడీ. బ్రిడ్జి నలుగురు ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ఆడే ఆట. రమ్మీలో ఎవరి ఆట వాళ్లది. ఇక్కడ మీ ఎదురుగా కూర్చున్న మనిషి మీ మనిషి, ఆ చేతిలో ఏముందో బిడ్ల ద్వారా, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే పట్లు) గెలుస్తామో చెప్పే పాట ద్వారా మాత్రమే తెలుసుకోవాలి. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే మొత్తం పేకలో 40 పాయింట్లు. ఇద్దరికీ కలిపి ఓ పాతిక ఉంటే గేమ్‌కి, అంటే పెద్ద బోనస్ వచ్చే బిడ్‌కి వెళ్లొచ్చు. మొదటి నెల ఇంతకు మించి బుర్రకెక్కించుకోకండి.

మా ఇంట్లో ఆదివారాలు పక్కింటివాళ్లతో ఆడతాం. కబుర్లు, పకోడీలు, మధ్యలో ఆట. భార్యాభర్తలు ఒక జోడీగా కూర్చోకపోతేనే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నాకు ఈ ఆట మీద ప్రేమ రెట్టింపైంది అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు. పొద్దున్నే అందరూ ఆఫీసులకి, బళ్లకి వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. కారు నడపడం రాదు. వాళ్ల ఊరి సీనియర్ సెంటర్లో బ్రిడ్జి ఉందని తెలిసి మా అమ్మాయి దింపింది. అక్కడొక పెద్దావిడ నా ఎదుట కూర్చుని, "ఒక నోట్రంప్ అంటే 15 నుంచి 17 పాయింట్లు, ఇస్పేటు, ఆటీను మొదలుపెట్టాలంటే ఐదు ముక్కలు, స్టేమన్, బ్లాక్‌వుడ్, సరేనా?" అంది. నోట్రంప్ అంటే తురుపు లేని ఆట; స్టేమన్, బ్లాక్‌వుడ్ అంటే భాగస్వామి చేతిలో ఏముందో అడిగే బిడ్లు. సరేనన్నాను. ఆవిడ యాస నాకు సగం అర్థం కాకపోయినా మధ్యాహ్నమంతా ఒకరి చెయ్యి ఒకరికి తెలుస్తూనే ఉంది. పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఉండే మన తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి స్నేహమార్గం నేను చూడలేదు.

పోటీలో వాతావరణం వేరు. నోటితో బిడ్ చెప్పరు, పెట్టెలోంచి కార్డు తీసి చూపిస్తారు, గొంతులో తేడా కూడా భాగస్వామికి సమాచారం కాకూడదని. ఒక టేబుల్ మీద పంచిన ముక్కలే అన్ని టేబుళ్లకూ వెళతాయి, కాబట్టి ముక్కలు రాలేదన్న మాటకి తావు లేదు. అదే ముక్కలతో మిగతావాళ్లు ఏం సాధించారన్నదే పోలిక. వల్నరబుల్ (బోనసులు, జరిమానాలు పెరిగే స్థితి) కానప్పుడు మూడు నోట్రంప్, అంటే తొమ్మిది ట్రిక్కులు సరిగ్గా చేస్తే 400 పాయింట్లు, నాలుగు ఇస్పేట్లు, అంటే పది ట్రిక్కులు చేస్తే 420. ఇంట్లో ఆ 20 ఎవరూ పట్టించుకోరు. జోడీల పోటీలో ఆ 20తోనే సగం టేబుళ్లు మిమ్మల్ని దాటిపోవచ్చు.

ఈమధ్య ఒక పోటీలో మూడు నోట్రంప్ ఆడుతున్నాను. ఖాయంగా ఎనిమిది ట్రిక్కులున్నాయి, తొమ్మిదోది కావాలి. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన నా భాగస్వామి ముక్కల్లో, ఆటీన్ ఆసు, రాజు, రాణి, ఒక చిన్నముక్క. నా చేతిలో మూడు చిన్న ఆటీన్లు, డైమన్ ఆసు, రాణి. డైమన్ రాజు నా కుడివైపు ఉందని నమ్మి రాణి వేస్తే సగానికి సగం అవకాశం. అలా కాకుండా ముందు ఆటీన్లు మూడు ఆడాను. బయట ఉన్న ఆరూ చెరి మూడుగా ఉంటే నాలుగోది కూడా ట్రిక్కు గెలుస్తుంది, అది 36 శాతం. లేదంటే డైమన్ దారి ఎలాగూ ఉంది. రెండూ కలిపితే దాదాపు 68. ఆ రోజు ఆటీన్లు చెరి మూడుగా లేవు. డమ్మీ నుంచి చిన్న డైమన్ ఆడి రాణి వేస్తే నిలబడింది. ఆ తృప్తి కోసమే నేను పోటీలకు వెళతాను.

మీరు ఇంట్లో నలుగురితో మొదలుపెట్టండి. మనుషులు దొరక్కపోతే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో రోబోలతో ఆడొచ్చు, పెద్ద ఆటగాళ్ల ఆట కూర్చుని చూడొచ్చు. జోడీలు మార్చి మార్చి ఆడాక, ఒకే మనిషితో కొన్నాళ్లు కుదురుగా కూర్చుని, అప్పుడు మీ ఊరి క్లబ్బు పోటీకి పేరివ్వండి.