కోవిడ్ లాంటి మహమ్మారి వేళ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ అంటే ఏం చేస్తారు? అనంతపురం నుంచి వచ్చిన మా పెద్దాయన బెంగళూరులో ఉంటారు.

ఆక్సిజన్, మందులు నడుస్తుండగానే బాధ తగ్గించే వైద్యమిది. కోవిడ్‌లో ఎక్కువమందిని వేధించేది ఆయాసం. దానికి కొద్ది మోతాదు మార్ఫిన్ (నల్లమందు నుంచి వచ్చే బలమైన నొప్పి మందు) వాడతారు. నోటి ద్వారా అయితే 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో మొదలు, కిడ్నీలు దెబ్బతింటే ఇంకా తక్కువ. పేరు వినగానే ఇంట్లోవాళ్లు హడలిపోతారు గానీ, డాక్టరు చూసుకుంటూ ఇస్తే ఊపిరాడని కంగారు తగ్గుతుంది. ముఖానికి చిన్న ఫ్యాన్ పెట్టడమూ సాయపడేదే, కాకపోతే వైరస్ వ్యాపిస్తుందని కోవిడ్ వార్డుల్లో వద్దన్నారు.

నా దృష్టిలో అసలు కష్టం మాట దగ్గరే. అనంతపురం నుంచి వచ్చిన పెద్దాయనకి కన్నడం రాదు, పీపీఈ కిట్ల వెనక ముఖాలు కనిపించవు. నొప్పెక్కడో ఎవరికి చెప్పుకుంటారు? చేర్పించేటప్పుడే తెలుగు వచ్చిన నర్సు ఉన్నారేమో కనుక్కోండి, రోజూ వీడియో కాల్ అడగండి. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆయన మాట్లాడగలిగినప్పుడే ఆయన్నే అడగాలి.